నాయన పద్యాలకు ఏ మైకు కొనాలి?

ప్రశ్న: మాది కడప. మా నాయనకు 72 ఏళ్లు. వయసులో ఉన్నప్పుడు చుట్టుపక్కల ఊళ్లలో పౌరాణిక నాటకాలు ఆడేవాడు. కృష్ణుడి వేషానికి మంచి పేరుండేది. ఇప్పటికీ రాత్రి అన్నం తిన్నాక పద్యం ఎత్తుకుంటే వీధిలో పోయేవాళ్లు నిలబడతారు. గొంతు బాగున్నప్పుడే ఆ పద్యాలు రికార్డు చేసి పెట్టుకోవాలని నా ఆశ. ఆయన పాత స్నేహితుడు ఒకాయన హార్మోనియం వాయిస్తానన్నాడు. ఫోన్‌లో రికార్డు చేసి చూస్తే బావిలోంచి పాడినట్టుంది. ఆన్‌లైన్‌లో 5 వేలకు యూఎస్‌బీ కండెన్సర్ మైకు ఒకటి చూశాను. దుకాణంలో అడిగితే అది పిల్లల ఆటకే పనికొస్తుంది, ప్రొఫెషనల్ మైకు, ఇంటర్‌ఫేస్, స్టాండు, వైర్లు అన్నీ కలిపి 28 వేలు అవుతుందన్నారు. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని, అంత డబ్బంటే టెన్షనే. నిజంగా అంత తేడా ఉంటుందా?
– ఒక పాఠకురాలు, కడప

జవాబు: అమ్మా, మీ కష్టమంతా ‘బావిలోంచి పాడినట్టుంది’ అన్న ఆ ఒక్క మాటలో ఉంది. ఆ బావి మీ ఫోన్‌లో లేదు, మీ పడసాలలో ఉంది. 5 వేల మైకు పెట్టినా, 28 వేల సెట్టు పెట్టినా, అదే గదిలో అదే పద్ధతిలో రికార్డు చేస్తే మళ్లీ ఆ బావే వినిపిస్తుంది. మంచి మైకు అయితే దాన్ని ఇంకా బాగా పట్టిస్తుంది కూడా.

మన కడప ఇళ్లు ఎట్లుంటాయో మీకు నేను చెప్పక్కర్లేదు. కింద నున్నగా పాలిష్ పట్టిన కడప బండలు, పైన మిద్దె, చుట్టూ సిమెంటు గోడలు. ఎండాకాలం కాళ్లకు చల్లగా తగిలే ఆ బండలే రికార్డింగుకు పెద్ద ఇబ్బంది. రాయి శబ్దాన్ని మింగదు, తిప్పికొడుతుంది. మీ నాయన పలికిన అక్షరం నేరుగా ఒకసారి మైకులో పడుతుంది. బండలకు, గోడలకు, మిద్దెకు తగిలి వెనక్కొచ్చి, కాస్త ఆలస్యంగా మళ్లీ మళ్లీ పడుతుంది. ఎదురుగా కూర్చుని వింటున్నప్పుడు మన చెవులూ బుర్రా కలిసి ఆ తిరుగు శబ్దాన్ని పక్కకు నెట్టేస్తాయి. మైకుకు ఆ తెలివి లేదు.

ఇవాళే ఒక పని చేసి చూడండి. పడసాల మధ్యలో నిలబడి గట్టిగా ఒక్క చప్పట కొట్టండి. తర్వాత బట్టల బీరువా తలుపులు రెండూ తెరిచి, చీరలకు ఎదురుగా నిలబడి ఇంకొకటి కొట్టండి. మొదటి చప్పట వెనకాల ‘ఠంగ్’మని ఒక తోక ఉంటుంది. రెండోదానికి ఆ తోక దాదాపు ఉండదు. మీరు ఫోన్‌లో విన్న బావి ఆ తోకే.

పాటకైతే కొంచెం గింగురు ఉన్నా అందమే. పద్యానికి అది విషం. పద్యంలో ప్రతి అక్షరం తూకం వేసి పెట్టినది. యతి దగ్గర, ప్రాస దగ్గర అక్షరం చెవికి తగలకపోతే పద్యం రాగంగా మిగులుతుంది తప్ప పద్యంగా నిలవదు. ఈ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. పదేళ్ల కింద మా మేనమామ పద్యాలు రికార్డు చేశాను. మైకు మంచిదే, యూఎస్‌బీ కండెన్సర్. దాన్ని టీపాయ్ మీద పెట్టి, ఆయన్ను ఐదారు అడుగుల దూరంలో కుర్చీలో కూర్చోబెట్టాను. పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఇప్పుడు ఆయన లేడు. ఆ ఫైళ్లు తెరిచినప్పుడల్లా గొంతు వినిపిస్తుంది, మాటలు సగం పోతాయి. ఒక సీసపద్యంలో రెండో పాదం ఏమిటో ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు, రికార్డింగులో ఎన్నిసార్లు విన్నా దొరకలేదు. ఫ్యాను చప్పుడును సాఫ్ట్‌వేర్‌తో కొంత తగ్గించగలిగాను. గది గింగురును మాత్రం మాట చెడకుండా తీయలేకపోయాను. అందుకే మీకు ఇంత గట్టిగా చెప్తున్నాను: డబ్బు తీసేముందు బొంతలు తీయండి.

ఇంట్లో పాత చీరలతో కుట్టిన బొంతలు, దూది పరుపులు, దుప్పట్లు ఎన్ని ఉంటే అన్నీ బయటికి తెండి. ఉన్నవాటిలో చిన్న గది చూసుకోండి. మంచం, పరుపు, బట్టల బీరువా ఉన్న గది అయితే సగం పని అయిపోయినట్టే. ఆయన కూర్చునే చోట బండల మీద రెండు బొంతలు పరచండి. ఆయన వెనకాల ఒక పరుపు నిలబెట్టండి. మామూలు మైకు తన ముందు నుంచి వచ్చేదాన్ని ఎక్కువగా వింటుంది కాబట్టి, ఆయన వీపు వెనక ఉన్న గోడే మైకుకు ఎదురుగా ఉండే గోడ. అక్కడ మెత్తన ఉంటే ఎక్కువ లాభం. రెండు పక్కలా బట్టలారేసే స్టాండు మీద దుప్పట్లు మడతలుగా వేయండి. పలచని బెడ్‌షీటు ఒక్కటి వేలాడదీస్తే లాభం లేదు, మందం కావాలి. తర్వాత మళ్లీ చప్పట కొట్టి చూడండి.

ఇక మైకుల సంగతి. యూఎస్‌బీ మైకు డిజిటల్, ప్రొఫెషనల్ మైకు అనలాగ్ అని అందరూ అంటారు కానీ, మన చేతికొచ్చే ఈ రెంటిలోనూ గాలి తగిలే చోట ఉండేది అనలాగే. మాటకు ఒక పలచని పొర కదులుతుంది, ఆ కదలిక చిన్న కరెంటుగా మారుతుంది. అది చాలా బలహీనమైన కరెంటు, దాన్ని పెంచడానికి ప్రీఆంప్ కావాలి. పెంచినదాన్ని కంప్యూటరుకు అర్థమయ్యే అంకెలుగా మార్చడానికి కన్వర్టర్ కావాలి. యూఎస్‌బీ మైకులో ఇవన్నీ ఒకే ఒంట్లో ఉంటాయి. ఎక్స్‌ఎల్‌ఆర్ అనే మూడు పిన్నుల వైరు తగిలించే ప్రొఫెషనల్ మైకులో పొర మాత్రమే మైకుది, మిగతా పని ఇంటర్‌ఫేస్ అనే పెట్టె చేస్తుంది. మోనోబ్లాక్ మోటారు చూసే ఉంటారు. మోటారూ పంపూ ఒకే ఇరుసు మీద ఉంటాయి, తెచ్చి బిగించి స్విచ్చి వేస్తే నీళ్లు. ఇంజను వేరు, పంపు వేరు, మధ్యలో బెల్టు అయితే బిగించడం శ్రమే కానీ, ఏది చెడితే దాన్నే మార్చుకుంటాం. ఇక్కడా అంతే.

‘పిల్లల ఆట’ అన్న మాట మాత్రం నేను ఒప్పుకోను. సీడీ నాణ్యత 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్. మామూలు యూఎస్‌బీ మైకు కూడా 16 బిట్, 48 కిలోహెర్ట్జ్ ఇస్తుంది, అంటే లెక్కలో సీడీకి తీసిపోదు. ఒక మనిషి కూర్చుని పాఠం చెప్పడానికో, కథ చదవడానికో అయితే యూఎస్‌బీ మైకు చాలు, ఇంకేం ఆలోచించకండి అని చెప్పేవాణ్ణి.

తేడా వచ్చేది మీ నాయన దగ్గర. స్టేజీ మీద చివరి వరసకు వినపడేలా పాడిన గొంతు అది. పద్యం మొదటి పాదం మామూలుగా నడిచి, చివర రాగం తీసేటప్పుడు గొంతు ఒక్కసారిగా పైకి లేస్తుంది. చవక కండెన్సర్ మైకు ఆ పోటుకు తట్టుకోలేక పగులుతుంది. మైకులో ప్రీఆంప్ దగ్గరే పగిలితే కంప్యూటర్లో వాల్యూమ్ ఎంత తగ్గించినా ప్రయోజనం ఉండదు. పగిలిన శబ్దమే చిన్నగా వినిపిస్తుంది, అంతే. అందుకని గెయిన్, అంటే మైకు శబ్దాన్ని ఎంత పెంచాలో ఆ స్థాయి, పెట్టేటప్పుడు ‘హలో హలో’ అనిపించకండి. పద్యం చివరి రాగం పూర్తి గొంతుతో తీయమనండి. అప్పుడు రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో శబ్దం స్థాయి చూపే మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా పెట్టండి. సున్నాను తాకిందంటే ఆ ముక్క పోయినట్టే. తక్కువ రికార్డయితే తర్వాత పెంచుకోవచ్చు, పగిలినదాన్ని అతికించలేం.

ఇంకో మాట. నాటకాల వాళ్లకు మనకు లేని విద్య ఒకటి ఉంది. మైకు ముందుకొచ్చి మాట పలికి, రాగం ఎత్తుకునేటప్పుడు తల పక్కకు తిప్పడమో అడుగు వెనక్కి వేయడమో ఏళ్ల తరబడి చేసి ఉంటారు. ఆ అలవాటును మాన్పించకండి. దూరం రెట్టింపైతే మైకులో పడే శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. అంటే జానెడు దూరం నుంచి రెండు జానల దూరానికి వెనక్కి వాలితే చాలు. ఆయన్ను నిలబడి పాడాలనిపిస్తే నిలబడనివ్వండి, స్టాండే ఎత్తండి.

నన్నడిగితే యూఎస్‌బీయా ఎక్స్‌ఎల్‌ఆర్‌యా అన్నదానికంటే కండెన్సరా డైనమిక్కా అన్నది మీకు ముఖ్యం. చవక యూఎస్‌బీ మైకుల్లో ఎక్కువ భాగం కండెన్సర్లు. వాటి పొర చాలా సున్నితం. వంటింట్లో ఫ్రిజ్, వీధిలో ఆటో, పక్కింటి కుక్కరు విజిలు, అన్నీ పడతాయి. డైనమిక్ మైకు మొద్దు మనిషి లాంటిది. దగ్గరికొచ్చి గట్టిగా చెప్తేనే వింటుంది. అందులో మాయేమీ లేదు, దగ్గరగా పాడతాం కాబట్టి గొంతు ఎక్కువ, గది తక్కువ పడుతుంది. పెద్ద గొంతుకు అంత తేలిగ్గా పగలదు కూడా. బండలున్న ఇంట్లో, స్టేజీ గొంతుకు నేను డైనమిక్కే తీసుకుంటాను.

అట్లాంటి డైనమిక్ మైకుల్లోనే కొన్నింటికి అడుగున యూఎస్‌బీ, ఎక్స్‌ఎల్‌ఆర్ రెండు దారులూ ఉంటాయి. శాంసన్ క్యూ2యూ, ఆడియో-టెక్నికా ఏటీఆర్2100ఎక్స్ ఆ రకమే. మీకు నా సలహా ఇదే. ఆ 5 వేల కండెన్సర్ వద్దు, 28 వేల సెట్టూ ఇప్పుడే వద్దు. ఈ రెండు దారుల మైకు ఒకటి, నేల మీద నిలబడే స్టాండు ఒకటి, మైకు మీద తొడిగే స్పాంజి ఒకటి తీసుకోండి. ఇప్పుడు యూఎస్‌బీతో లాప్‌టాప్‌కు తగిలించండి. రేపు డబ్బు సర్దుబాటైతే ఇంటర్‌ఫేస్ కొనండి, ఇదే మైకును ఎక్స్‌ఎల్‌ఆర్ వైరుతో దానికి తగిలించుకోవచ్చు. యూఎస్‌బీ సాకెట్టు వదులైనా మైకు మూలన పడదు. నా పాత మైకు ఒకటి సరిగ్గా అట్లే పోయింది. పొర బాగానే ఉంది, వైరు గుచ్చే చోట వదులై రెండేళ్లకే కనెక్షన్ ఆగింది, మరమ్మతు చేసేవాళ్లు చేతులెత్తేశారు. అదే ఎక్స్‌ఎల్‌ఆర్ మైకుల్లో ష్యూర్ ఎస్‌ఎం58 1966లో వచ్చింది, ఇప్పటికీ అదే రూపంలో దొరుకుతోంది. పాతికేళ్లు వాడినవి కూడా కచేరీల్లో పనిచేస్తూ కనిపిస్తాయి.

ఒక జాగ్రత్త. ఆన్‌లైన్‌లో వెయ్యి, పదిహేను వందలకు స్టాండు, స్పాంజి, జల్లెడ అన్నీ కలిపి ‘స్టూడియో కండెన్సర్ కిట్’ అని అమ్ముతారు. చూడటానికి ప్రొఫెషనల్ మైకులాగే ఉంటుంది. వైరు రెండో కొస మాత్రం ఫోన్‌కు పెట్టే ఇయర్‌ఫోన్ పిన్ను. అసలైన స్టూడియో కండెన్సర్‌కు 48 వోల్టుల ఫాంటమ్ పవర్, అంటే మైకు వైరులోంచే మైకుకు అందే కరెంటు, కావాలి, లాప్‌టాప్ పిన్ను అంత ఇవ్వలేదు. ఆ 48 అంకె వెనక ఒక ముచ్చట ఉంది. 1966లో న్యూమన్ కంపెనీ నార్వే రేడియో వాళ్లకు మైకులు చేసేటప్పుడు, వాళ్ల స్టూడియోల్లో ఎమర్జెన్సీ లైట్ల కోసం 48 వోల్టుల లైను ముందే ఉందట. మైకులకూ దాన్నే వాడారు. అదే అందరికీ ప్రమాణమైంది.

ఇక మీ అసలు చిక్కు హార్మోనియం. ఇక్కడే యూఎస్‌బీ పరిమితి బయటపడుతుంది. రెండు యూఎస్‌బీ మైకులు కొని ఒకే లాప్‌టాప్‌కు తగిలిద్దాం అనుకుంటారు. మామూలుగా వాడే ఉచిత సాఫ్ట్‌వేర్ ఆడాసిటీ ఒకసారికి ఒక్క పరికరం నుంచే రికార్డు చేస్తుంది. ఏదో విధంగా రెండూ కలిపినా, ఒక్కో మైకులో ఒక్కో గడియారం నడుస్తుంది కాబట్టి కాసేపటికి గొంతూ హార్మోనియం ఎడం అవుతాయి. ఇంటర్‌ఫేస్ అయితే రెండు మైకులకూ ఒకటే గడియారం. మీ దుకాణం వాళ్లు చెప్పిన సెట్టుకు నిజమైన విలువ ఇక్కడ ఉంది. రెండు విడి ట్రాకులు ఉంటే, హార్మోనియం ఎక్కువైన చోట తర్వాత తగ్గించుకోవచ్చు.

ఒక్క మైకుతోనే చేయాలంటే కూర్చోబెట్టే తీరులో ఉంది. మైకు మీ నాయన నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కవాటుగా ఉండాలి. హార్మోనియం వాయించే ఆయన మైకుకు వెనక వైపు, అంటే మీ నాయనకు ఎదురుగా, మూడు నాలుగు మూరల దూరంలో కూర్చోవాలి. ఈ మైకులు వెనక నుంచి వచ్చేదాన్ని తక్కువ వింటాయి. ఒక పద్యం రికార్డు చేసి వినండి. హార్మోనియం ఎక్కువైతే ఆయన్ను మూరెడు వెనక్కి జరపండి, తక్కువైతే ముందుకు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు కాబట్టి శ్రుతి, తాళం కూడా బాగా కుదురుతాయి.

రెండు మైకులు కావాలి, డబ్బు లేదు అంటే ఇంకో దారి ఉంది. మీ వీధిలోనే పెళ్లిళ్లకు, వినాయక చవితికి మైకుసెట్టు అద్దెకిచ్చేవాళ్లు ఉంటారు. వాళ్ల దగ్గర డైనమిక్ మైకులు, స్టాండ్లు, మైకుల శబ్దాలను కలిపే చిన్న మిక్సర్ పెట్టె ఉంటాయి. స్పీకర్లు వద్దు, ఇవి మాత్రమే ఒక పూటకు అడగండి. ఈ మధ్య మిక్సర్లు చాలావాటికి యూఎస్‌బీ ఉంటుంది, నేరుగా లాప్‌టాప్‌కు పెట్టుకోవచ్చు. మిక్సర్ మీద ‘పాన్’ అనే చిన్న తిప్పుడు ఉంటుంది. గొంతు మైకును పూర్తిగా ఎడమకు, హార్మోనియం మైకును పూర్తిగా కుడికి తిప్పండి. ఒకే ఫైలులో రెండూ విడివిడిగా పడతాయి, తర్వాత ఆడాసిటీలో విడగొట్టి కలుపుకోవచ్చు. హార్మోనియం మైకు గొంతు మైకుకు కనీసం మూడు జానల దూరంలో ఉండాలి, లేకపోతే రెండింట్లోనూ రెండూ పడి గొంతు బోలుగా వినిపిస్తుంది. ఇంకొక్కటి, ఎకో తిప్పుడును సున్నాకు తిప్పించండి. మైకుసెట్టు వాళ్లకు ఎకో లేకుండా చేతులు ఆగవు. ఎకో తర్వాత ఎప్పుడైనా కలుపుకోవచ్చు, పడినదాన్ని తీయలేం.

ఎండల్లో ఫ్యాను ఆపడం కష్టమే, ముఖ్యంగా ఆ వయసు మనిషికి. ఒకేసారి గంట కూర్చోబెట్టకండి. రెండు పద్యాలు, తర్వాత ఫ్యాను, మంచినీళ్లు, కాసేపు కబుర్లు, మళ్లీ రెండు పద్యాలు. రాత్రి పది దాటాక వీధి సద్దుమణుగుతుంది, ఆయనకూ అది అలవాటైన వేళే. లాప్‌టాప్ చార్జరు తీసేసి బ్యాటరీ మీద నడపండి. ఎర్తింగ్ సరిగా లేని ఇళ్లలో సన్నగా గుయ్యిమనే శబ్దం చాలాసార్లు చార్జరు తీయగానే పోతుంది. కరెంటు పోయిన వేళ దొరికితే వదలకండి. ఫ్రిజ్‌లు, ఫ్యాన్లు అన్నీ ఆగి ఊరంతా నిశ్శబ్దంగా ఉంటుంది, యూఎస్‌బీ మైకు లాప్‌టాప్ బ్యాటరీతోనే నడుస్తుంది. హెడ్‌ఫోన్ ఆయనకు పెట్టకండి, తన గొంతు అట్లా విని అలవాటు ఉండదు. మీరు పెట్టుకుని వినండి.

ఫైలును వేవ్ రూపంలో దాచండి, ఎంపీ3గా వద్దు. 16 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో ఒక్క మైకుకు గంటకు 350 ఎంబీ దాకా అవుతుంది, పెద్ద బరువేమీ కాదు. ఒక కాపీ లాప్‌టాప్‌లో, ఇంకొకటి పెన్‌డ్రైవ్‌లో, మూడోది వేరే ఊళ్లో ఉన్న తమ్ముడి దగ్గరో చెల్లెలి దగ్గరో ఉంచండి.

మైకు ఇంకా రాలేదని ఆగకండి. ఈ ఆదివారమే ఆ చిన్న గదిలో బొంతలు పరిచి, ఫోన్‌నే ఆయన ఛాతీకి ఎదురుగా జానన్నర దూరంలో దిండు మీద పెట్టి ఒక పద్యం పాడించండి. తేడా మీకే తెలుస్తుంది. పద్యానికి ముందు ఆయన పేరు, ఊరు, మొదటిసారి ఏ ఊళ్లో వేషం కట్టారు, పద్యం ఎవరి దగ్గర నేర్చుకున్నారు అని అడిగి, ఆ మాటలు కూడా రికార్డు కానివ్వండి. హార్మోనియం వాయించే ఆయన పేరూ ఆయన నోటనే చెప్పించండి.